ఎర్రసిరాతో దిద్దిన ఏడు ఉత్తరాలు

జూన్ 3

చిన్నోడికి,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అంతా అంటే నేను, నా కుట్టుమిషను, దానికన్నా ఎక్కువ చప్పుడు చేసే నా కోడలు. మొన్న ఫోన్ చేశావట. నా చెవుల సంగతి తెలిసి కూడా ఎందుకు చేస్తావురా? నువ్వు అక్కడ ఏదో అంటావు, నేను ఇక్కడ ఇంకేదో అంటాను, పక్కనున్నవాళ్లు నవ్వుకుంటారు. ఉత్తరమే నయం. పాతికేళ్లుగా పేపర్లో ఊరందరి ఉత్తరాలూ చదివి అచ్చేస్తున్నవాడివి, అక్క ఉత్తరం చదవడం నీకు బరువా?

అసలు సంగతికి వస్తాను. ఎన్నికల ముందు నీ పేజీలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఏడు ఉత్తరాలు రాసింది చూడు, ఆవిడ చిరునామా నాకు కావాలి. నువ్వు నవ్వకూడదు. ఆవిడ ఉత్తరం వచ్చినప్పుడల్లా షాపులో నేనే పైకి చదివేదాన్ని. బనియన్ల ఫ్యాక్టరీ ఆడవాళ్లు కొలతలు ఇవ్వడానికి వచ్చి, అయిపోయినా కదలకుండా కూర్చుని వినేవాళ్లు. ఎంత బాగా రాస్తుందిరా! మన పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

చివరి ఉత్తరంలో ఆవిడ ఏమందో గుర్తుందా? పోలింగు గదిలో ఓటు రహస్యమని అట్ట అడ్డం పెడతారు, పైన మాత్రం కెమెరా కన్ను తెరిచి ఉంచుతారు, "తలుపుకు రెండు గొళ్లాలు, కిటికీకి ఒక్కటీ లేదు" అంది. నా చేతిలో సూది ఆగిపోయింది. అది అమ్మ మాట కదరా! అమ్మ తప్ప ఆ మాట అన్నవాళ్లను అరవై నాలుగేళ్లలో నేను చూడలేదు. అంటే ఈవిడ అమ్మకు తెలిసినావిడే అయి ఉండాలి. బడిలో అమ్మతో చదువుకుందేమో. బతికున్నవాళ్లలో అమ్మను ఎరిగినవాళ్లు ఇంకెవరున్నారు చెప్పు, మనిద్దరం తప్ప?

ఆవిడకు కృతజ్ఞత కూడా చెప్పాలి. ఆ ఉత్తరం చదివాక మా షాపుకొచ్చే పదకొండుమంది ఓటుకు వెళ్లలేదు. ఫ్యాక్టరీ యజమానే నిలబడ్డాడాయె. ఎవరు ఎవరికి వేసిందీ అతని బల్ల మీదికి వెళ్తుందంటే ఎవరికి భయం ఉండదు? నేనూ వెళ్లలేదు. అతని మీద పోటీకి నిలబడ్డ మా వీధి నర్సమ్మ, పెద్దాసుపత్రిలో సూదిమందులు వేసేది, నూట తొంభై మూడు ఓట్లతో ఓడిపోయింది. పాపం, మంచి మనిషే. కానీ ఆడవాళ్ల ఉద్యోగాలు నిలబడ్డాయి, అది చాలు.

చిరునామా పంపు.

నీ అక్క


జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకు రాశావు. అది పాఠకుల లేఖల సంచిలో పడింది. సగం దాకా చదివితే గానీ నీదని నాకు తెలియలేదు. కోడలి చప్పుడు దగ్గర "అనవసరం" అని ఎర్రపెన్నుతో కొట్టేయబోయాను కూడా. అలవాటు అలాంటిది. ఇకమీదట ఇంటికి రాయి.

చిరునామా మాత్రం ఇవ్వలేను. రాసినవాళ్ల వివరాలు బయటపెట్టకూడదు, అది మా నియమం. నా పేజీ సంగతి నీకు తెలియదు గానీ, దేశంలో ఏ పేపర్లోనూ లేనంత కట్టుదిట్టం. ఉత్తరం రాగానే ఆ చిరునామాకు కార్డు పంపుతాం, "ఇది మీరే రాశారా?" అని. సంతకం చేసి తిప్పి పంపితేనే అచ్చు. ఆ పద్ధతి పెట్టింది నేనే. టీచరమ్మ కార్డు కూడా నా సొరుగులో భద్రంగా ఉంది.

అమ్మ మాట అంటావా, పాతకాలం వాళ్లందరి నోటా అలాంటివే ఉంటాయి. అమ్మ ఒక్కతే కనిపెట్టిందని మనం అనుకుంటాం అంతే.

అక్టోబరులో నా పదవీ విరమణ. సభ పెడతారట. ఎడిటరు మాట్లాడతాడట. శాలువా వద్దు, మంచి కుర్చీ ఇవ్వమన్నాను, నడుము నొప్పికి పనికొస్తుంది. పక్క బల్ల దగ్గర కూర్చునే అనువాదకురాలు నా పాత పేజీలన్నీ సేకరించి పుస్తకంలా కుట్టిస్తోంది. విదేశీ వార్తలు మన భాషలోకి మార్చేది ఆమే. మహా శ్రద్ధ.

ఒకటి అడుగుతాను. ఆ పదకొండుమందీ నిజంగానే వెళ్లలేదా? నువ్వు మాటవరసకు అన్నావా?

తమ్ముడు


జూలై 1

చిన్నోడా,

టీవీ చూశాను. నాకు మాటలు వినబడవు, కింద పరుగెత్తే అక్షరాలే చదువుకుంటాను. పరాయి దేశంలో ఒక ఆఫీసు ఉందట. అందులో కుర్చీలు వేసుకుని జీతానికి ఉత్తరాలు రాసేవాళ్లు ఉన్నారట. మన దేశంలో ముప్పై పేపర్లకు పంపారట. నీ పేజీ చూపించారురా! టీచరమ్మ ఏడో ఉత్తరం పెద్దగా చేసి చూపించారు. ఆవిడ లేనే లేదట.

కెమెరాలు కూడా లేవట. ఎన్నికల అధికారి వచ్చి, ఆ గదుల్లో దీపం తప్ప ఇంకేమీ లేదని చెప్పాడు.

పదకొండుమందిలో ముగ్గురు నిన్న షాపుకొచ్చారు. కుట్టిన బట్టలు తీసుకుని వెళ్లిపోయారు. కూర్చోలేదు. నర్సమ్మ గవర్నమెంటు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మరీ నిలబడింది. ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు. ఆమె మా షాపు ముందు నుంచి వెళ్తుంటే నేను బల్ల కింద పడని బాబిన్ కోసం వెతుక్కున్నాను.

ఇంత తెలుగు పరాయివాళ్లకు ఎలా వచ్చిందా అని అందరూ అడుగుతుంటే, మీ ఆఫీసులోని అమ్మాయే మార్చి ఇచ్చిందని నిన్నటి నుంచి ఆమె ఫోటో వేస్తున్నారు. ఆ దేశంలో రెండేళ్లు చదువుకుందట కదా. నీ పేపర్లోనే మొదటి పేజీలో "ఇంటిదొంగ" అని వేశారు. నిప్పు లేనిదే పొగ రాదు. ఈ పిల్లేగా నీ పేజీలన్నీ కుట్టిస్తున్నది? ఇప్పుడు తెలిసింది శ్రద్ధ ఎందుకో. నీ పక్కన కూర్చుని, నువ్వు మాటల మధ్యలో అనే అమ్మ మాటలన్నీ పట్టుకుని, తీసుకెళ్లి వాళ్లకు అమ్మింది. పైగా కార్డు మీద సంతకం కూడా ఆమే పెట్టి ఉంటుంది. నిన్నెంత మోసం చేసిందిరా!

నువ్వు మెతకవాడివి, నోరు విప్పవు. అన్ని పార్టీలవాళ్లతో విచారణ కమిటీ వేశారట, దానికి నేనే రాస్తాను. ఆ మాట మా ఇంటిదని, మా తమ్ముడి నోట తప్ప ఆ పిల్ల ఇంకెక్కడా విని ఉండదని రాస్తాను. నా వల్ల అయ్యే పని ఇదొక్కటే.

జాగ్రత్త. ఆ పిల్లకు దూరంగా ఉండు.

అక్క


జూలై 9

అక్కా,

కమిటీకి ఏమీ రాయకు. దండం పెడతాను. ఈ ఉత్తరం అందగానే కాగితం, పెన్ను ఎక్కడున్నాయో అక్కడే పెట్టేయి.

ఆ అమ్మాయి అలాంటిది కాదు. ఎనిమిదేళ్లుగా పక్కన కూర్చుంది, నాకు తెలుసు. ఒక్క మాటకు మూడు నిఘంటువులు తీస్తుంది. తప్పు పడితే తానే సవరణ రాసుకొచ్చి వేయమంటుంది. ఆమె కంప్యూటరు పట్టుకుపోయారు. ఇంటి ముందు కెమెరాల వాళ్లు కాపలా కాస్తున్నారు. తల్లికి చూపు సరిగా లేదు, ఆ తల్లిని కూడా వీధిలో ఆపి "మీ అమ్మాయికి ఎవరు నేర్పారు?" అని మైకు పెట్టారు. ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారట.

ఎందుకని నన్ను అడగకు. రాయకు, అంతే.

తమ్ముడు


జూలై 20

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చేసరికి నాది వెళ్లి వారమైంది. రిజిస్టరు పోస్టులో పంపాను, అందినట్టు సంతకం కూడా వచ్చింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాజాలు కుడుతూ ఆలోచించాను. అర్థమైంది. మరదలు పోయి ఆరేళ్లయింది, ఒంటరివాడివి, కాదనను. కానీ అరవై ఏళ్ల వయసులో, పక్క బల్ల పిల్ల మీద నీకిదేం బుద్ధిరా? నీ సగం వయసు ఉంటుంది! అందుకేనా ఆమె తల్లి చూపు సంగతి, ఇంటివాళ్ల సంగతి అన్నీ నీకు తెలుసు? "ఎందుకని అడగకు" అంటే నేను అడగనక్కర్లేదు, నాకు కళ్లు బాగానే కనిపిస్తాయి. మనసుపడితే పడ్డావు, దానికోసం దేశాన్ని ముంచినదాన్ని వెనకేసుకొస్తావా? మా పదకొండుమందిని వెనకేసుకొచ్చేవాళ్లు ఎవరు?

అంతేకాదు, ఇంకో మాట కూడా విను. నర్సమ్మ పార్టీవాళ్లు సభ పెట్టారు. మైకులో పరాయి దేశాన్ని తిట్టారు, ఫ్యాక్టరీ యజమానిని తిట్టారు, నీ పేపరును తిట్టారు. నర్సమ్మను మాత్రం వేదిక మీదికి పిలవలేదు, ఓడిపోయిందిగా. ఆమె కింద కూర్చుని వింది. గెలిచినాయన పేపర్లో "ఉత్తరాలు ఎవరో రాస్తే నాకేం సంబంధం, ఓట్లు నాకే పడ్డాయి" అన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. వీళ్ల సంగతి నాకు కొత్త కాదు. నీ సంగతే కొత్త.

సిగ్గుపడు.

అక్క


ఆగస్టు 2

అక్కా,

సిగ్గుపడమన్నావు. పడుతూనే ఉన్నాను, నువ్వనుకున్నదానికి మాత్రం కాదు. నువ్వనుకున్నదే నిజమైతే ఎంత బాగుండేది!

నిన్న కమిటీ ముందు ఆఫీసువాళ్లందరినీ కూర్చోబెట్టారు. పొడుగాటి గది, మధ్యలో అద్దం పరిచిన బల్ల. కార్యదర్శి లేచి నీ ఉత్తరం చదివాడు. "తలుపుకు రెండు గొళ్లాలు" అని చదువుతుంటే నాకు నీ గొంతే వినబడింది. అధ్యక్షుడు ఆ అమ్మాయిని అడిగాడు, "ఈ మాట నువ్వు ఎప్పుడైనా విన్నావా?" అని. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "విన్నానండి, సారు నోట చాలాసార్లు విన్నాను" అని నావైపు తిరిగింది. నన్ను పట్టించడానికి కాదక్కా. నేను లేచి ఏదో ఒకటి చెబుతానని ఎదురుచూసింది. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "విన్నానని ఒప్పుకుంది" అని కార్యదర్శి రాసుకున్నాడు. వచ్చే వారం ఆమె మీద కేసు పెట్టమని సిఫార్సు చేస్తారట.

ఆ మాట నేనే రాశాను. టీచరమ్మ ఉత్తరంలో ఆ వాక్యం లేదు. ఆ ఏడు ఉత్తరాల్లో నువ్వు మెచ్చుకున్న మాటలన్నీ నావే.

అసలు ఉత్తరాలు ఎలా వచ్చాయో చెబుతాను. "నేను మిక్కిలి విచారము కలిగియున్నాను" అని ఉండేది. పుస్తకాల భాష వదలని టీచరమ్మ కాబోలు అనుకున్నాను. దాన్ని కొట్టేసి, "కడుపు తరుక్కుపోతోంది" అని రాశాను. ప్రతి వాక్యమూ అలాగే. నా పనే అది కదా, వచ్చిన ఉత్తరాన్ని నలుగురు చదివేలా దిద్దడం. పాతికేళ్లలో ఎవరి ఉత్తరాన్నీ ఇంత ఇష్టంగా దిద్దలేదు. రెండో ఉత్తరంలో ఆవిడ, "నా అల్పమైన మాటలకు మీరు ప్రాణము పోసితిరి" అని రాసింది. ఇన్నేళ్లలో నన్ను అంతమాట అన్నవాళ్లు లేరు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

కార్డు పంపలేదు. కార్డు వెళ్లి రావడానికి ఎనిమిది రోజులు, ఎన్నికలకు ఇరవై రోజులు. ఇంత చక్కగా నన్ను అర్థం చేసుకున్న మనిషికి కార్డెందుకు అనుకున్నాను. నీకు భద్రంగా ఉందని రాశానే, అది అబద్ధం. నీ మొదటి ఉత్తరం అందాక భయం వేసి పంపాను. "ఈ నంబరు ఇల్లు లేదు" అని తిరిగొచ్చింది. అప్పటికీ నీకు చెప్పలేదు.

ఇంకా ఉంది. ఏడో ఉత్తరంలో ఆవిడ, కాదు, వాళ్లు, ఇలా రాశారు: "పోలింగు గదులలో కెమెరాలు కలవని కొందరు చెప్పుచున్నారు. ఇది సత్యమో కాదో నేనెరుగను. పాఠకులు అధికారులను అడిగి తెలిసికొనవలెను." జాగ్రత్తపరులక్కా వాళ్లు, రేపు ఎవరూ పట్టుకోకుండా రాసుకున్నారు. ఉత్తరం మూడు వరుసలు ఎక్కువైంది. పేజీలో చోటు లేదు. కొందరు అంటున్నారు, నాకు తెలియదు, అడిగి తెలుసుకోండి, ఇలాంటివి ఎప్పుడూ ముందు కొట్టేస్తాం. నీళ్లు పోసిన మాటలు అంటాం వాటిని. ఆ మూడూ కొట్టేసి, "కెమెరా ఉంది" అని పెట్టాను. మిగిలిన కొంచెం చోటులో అమ్మ మాట పెట్టాను. అబద్ధం చెప్పేవాళ్లు ఉంచిన అనుమానాన్ని కూడా నేను తీసేశాను.

జూలై అంతా నా పేజీకి ఆ అమ్మాయిని శిక్షించాలని ఉత్తరాలు వచ్చాయి. వాటినీ దిద్ది అచ్చేశాను. ఆమె పక్క బల్ల దగ్గర లేదు కాబట్టి దిద్దగలిగాను.

కాగితాలన్నీ నా దగ్గరున్నాయి, ఎర్రసిరాతో సహా. చూపిస్తే ఆమె బయటపడుతుంది. రెండు నెలల్లో నా విరమణ. చూపించాలని రోజూ సంచిలో పెట్టుకుని వెళ్తున్నాను, రోజూ తిరిగి తెస్తున్నాను.

నువ్వేమంటావు?

చిన్నోడు


ఆగస్టు 8

నన్ను అడుగుతావేంటి?

ఆ పిల్లను నేను దొంగ అన్నాను. నలుగురి ముందు చదివేలా రాసి, రిజిస్టరు పోస్టులో పంపాను. అమ్మ మాట పట్టుకెళ్లి ఆమె మెడకు చుట్టాను. నువ్వు "రాయకు" అన్నావు గానీ, ఎందుకో ఒక్క ముక్క రాసి ఉంటే రెండో ఉత్తరం రాసైనా మొదటిదాన్ని ఆపేదాన్ని. నీ మీద పాడుమాటలు కూడా అన్నాను. అవి వెనక్కి తీసుకుంటున్నాను. అవి తీసుకుంటే మిగిలింది ఇంకా పాడుగా ఉంది.

సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాడట! తీసి బల్ల మీద పెట్టడానికి ఎంతసేపు?

కమిటీకి ఇంకో ఉత్తరం ఇవాళే పంపాను. "మొదటిది నా పొరపాటు, మా తమ్ముడిని అడగండి" అని. నువ్వు చెప్పేలోగా అది చేరుతుందో, చేరేలోగా నువ్వే చెబుతావో నీ ఇష్టం.

అక్క


సెప్టెంబరు 6

అక్కా,

నీ ఉత్తరం చేరేలోగానే చెప్పాను. ఆ ఒక్కటే ఈ నెలలో నేను నీకు చెప్పుకోగలిగింది.

కాగితాలు అద్దం బల్ల మీద పరిచాను. ఏడు ఉత్తరాలు, కింద నల్లటి అచ్చు, దాని మీద నా ఎర్రరాత. ఏది వాళ్లది, ఏది నాది అని ఒక్కొక్క వరుస చదివి చెప్పాను. రెండు గంటలు పట్టింది. మధ్యలో ఒక సభ్యుడు కునికిపాట్లు పడ్డాడు. అమ్మ మాట దగ్గర ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాను. ఆ అమ్మాయి మీద కేసు అక్కర్లేదని ఆ సాయంత్రమే తేల్చేశారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అధ్యక్షుడు గెలిచిన పార్టీ మనిషి. ఆయన ముఖం ఎప్పుడు వెలిగిందో నేను గమనించలేదు. "అంటే, జనాన్ని కదిలించిన మాటలన్నీ మీవేనంటారు. ఆ దేశం నుంచి వచ్చినదాంట్లో 'నిజమో కాదో తెలియదు' అనే ఉందంటారు. అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. మర్నాడు నివేదిక వచ్చింది: పరాయి జోక్యం ఏమీ రుజువు కాలేదు, ఒక ఉద్యోగి అత్యుత్సాహం వల్ల జరిగిన పొరపాటు మాత్రమే, విచారణ ముగిసింది. మిగతా ఇరవై తొమ్మిది పేపర్ల ఉత్తరాలు తెరిచి కూడా చూడలేదు. నా కాగితాలు చూపించి మొత్తం ఫైలు కట్టేశారు. కమిటీలో ఉన్న ఓడిన పార్టీ ఆయనైనా, "కెమెరా మాట చదివి ఇంట్లో ఆగిపోయినవాళ్లు ఎంతమంది?" అని అడుగుతాడేమోనని చూశాను. ఆయన మా పేపరుకు ప్రభుత్వ ప్రకటనలు ఆపమని అడిగాడు. పదకొండుమంది సంగతి నేనే చెప్పబోతే, "ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పండి" అన్నారు.

మా పేపర్లో మొదటి పేజీలోనే వేశారు: "పరాయి హస్తం లేదు, చేతివాటమంతా మనవాడిదే." ఆ అమ్మాయి నిర్దోషి అన్న సంగతి తొమ్మిదో పేజీలో, వాతావరణం పక్కన, నాలుగు వరుసలు. ఫోటో లేదు. ఆమె ముఖం దొంగగా చూసినవాళ్లు ఆ నాలుగు వరుసలూ ఎక్కడ చూస్తారు? ఎడిటరును అడిగాను, అదే చోట, అదే సైజులో వేయమని. "మీరా అడిగేది?" అన్నాడు. నిజమే కదా.

ఆమె ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. లోపల పెట్టెలు సర్దుతున్నారు. "మీరు రాశారని ఎవరో చెబితే నేను నమ్మేదాన్ని కాదు సార్. ఆ రోజు మీరు కళ్లజోడు తుడుచుకున్నప్పుడు నమ్మాను. అయినా చెబుతారేమోనని అన్నాళ్లూ ఆగాను" అంది. అంటే ఆ రోజు నుంచే ఆమెకు తెలుసక్కా. తను చెప్పకుండా నాకు వదిలిపెట్టింది. లోపలి నుంచి తల్లి "ఎవరమ్మా?" అంటే, "పాత ఆఫీసువాళ్లు" అంది.

నన్ను అక్టోబరు దాకా ఉంచలేదు. వెళ్లిపొమ్మన్నారు. సభ లేదు, కుర్చీ లేదు. అది బాధ కాదు, అసలు సంగతి నావల్లే మూతపడిందే, అది బాధ. చెప్పకపోతే ఒక అమ్మాయి మునిగేది, చెప్తే దొంగలు గట్టెక్కారు.

ఆ ఏడు ఉత్తరాల నకళ్లు ఇందులో పెడుతున్నాను, వాళ్లవీ నావీ. నువ్వు చదివినవి కాబట్టి నీకు తెలియాలి. నీ ఊరు రమ్మని పిలవకు. ఆ ఆడవాళ్ల ముందు, నర్సమ్మ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?

తమ్ముడు


సెప్టెంబరు 19

చిన్నోడికి,

నకళ్లు అందాయి. నీ ఎర్రరాత చూస్తే చిన్నప్పుడు నువ్వు నా లెక్కల పుస్తకం మీద గీతలు గీసి తన్నులు తిన్నది గుర్తొచ్చి, నవ్వు రాబోయి ఆగిపోయింది.

షాపు తలుపు సగం వేసి, ఆ పదకొండుమందినీ పిలిచాను. తొమ్మిదిమంది వచ్చారు. ముందు నువ్వు అచ్చేసిన ఏడోది చదివాను, తర్వాత వాళ్లు పంపింది చదివాను. "నిజమో కాదో నేనెరుగను, అడిగి తెలిసికొనవలెను" అన్న దగ్గర మెడ పట్టీలు కుట్టే ఆవిడ ఆపమంది. "ఆ ముక్క ఉండి ఉంటే అడిగేవాళ్లంగా" అంది. అంతే. తిట్టలేదు. ఇంకొకావిడ, "మీ తమ్ముడు రాశాడు సరే, మాకు చదివింది మీరు కదా. మీరైనా అడగాల్సింది" అంది. తల కొట్టేసినట్టయింది. నీకు కమిటీ ఉంది, అద్దం బల్ల ఉంది. నన్నెవరూ ఏ బల్ల ముందూ కూర్చోబెట్టలేదు. అలాగని నేను చేసింది లేకుండా పోతుందా? ఆ కమిటీ వాళ్లు ఫైలు కట్టేసుకుంటే కట్టేసుకోనీ. మా షాపులో ఇంకా కట్టలేదు. ఈ తొమ్మిదిమందీ తమ పేర్లతో, ఎందుకు ఓటుకు వెళ్లలేదో రాసి సంతకాలు పెడతామన్నారు. ఫ్యాక్టరీ యజమాని చూస్తాడని తెలిసే అన్నారు. ఎన్నికల అధికారికి పంపుతున్నాం. ఒక్క మాట కూడా దిద్దలేదు, వాళ్లు ఎలా చెబితే అలాగే రాశాను.

ఆ అమ్మాయికి కూడా రాశాను. క్షమించమని అడగలేదు, నేనేం చేశానో మాత్రం చెప్పాను. జవాబు రాలేదు. రానక్కర్లేదు.

తర్వాత నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. ఆసుపత్రివాళ్లు తిరిగి తీసుకోలేదు, మందుల షాపు పక్క గదిలో కట్లు కడుతూ, సూదిమందులు వేస్తూ కూర్చుంటోంది. బెంచీ మీద నా ముందు ఏడుగురున్నారు. నా వంతు వచ్చింది. "ఏంటి పెద్దమ్మా, ఏమైంది?" అంది, నాకు వినబడేలా గట్టిగా. స్టూలు మీద కూర్చున్నాను. నన్ను చూసి ఏమనుకుందో, చేతికి పట్టీ చుట్టి బీపీ చూడటం మొదలుపెట్టింది. అప్పుడు చెప్పేశాను. ఉత్తరం ఎవరిది, దిద్దింది ఎవరు, పైకి చదివింది ఎవరు, ఎంతమంది ఆగిపోయారు, నేను కూడా ఎలా ఆగిపోయాను, ఆమె వీధిలో వెళ్తుంటే బల్ల కింద ఎలా దాక్కున్నాను, అంతా. మెల్లగానే చెబుదామనుకున్నాను. నా చెవుడు సంగతి తెలుసుగా, బయట బెంచీ చివరి మనిషి దాకా వినబడిందట.

ఆమె నా ముఖం చూడలేదు. బీపీ ముల్లునే చూస్తూ ఉంది. అంతా అయ్యాక పట్టీ విప్పి, జాగ్రత్తగా చుట్టి పక్కన పెట్టింది. చీటీ రాసింది. రోజుకొక మాత్ర, ఉప్పు తగ్గించాలి, వారం తర్వాత మళ్లీ చూపించుకోవాలి. చీటీ నా చేతిలో పెట్టి, నా తల మీదుగా గుమ్మం వైపు చూసి, "తర్వాతి వాళ్లు రండి" అంది.

వారం తర్వాత రమ్మంది కాబట్టి వెళ్తాను. నువ్వు కూడా రా. ఏ మొహం పెట్టుకుని అని అడిగావు. ఉన్న మొహమే పెట్టుకుని రా, ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? బెంచీ మీద నా పక్కన కూర్చో. నీ వంతు వచ్చి, "ఏమైంది?" అని ఆమె అడిగితే, నీది నువ్వే చెప్పుకో.

అక్క